మా తాత ముఖం మీద మచ్చలు ఎటు పోయాయి? దీన్‌దయాళ్ గాజు పలకల నుంచి మన ఫోన్ దాకా

ఈ వారం వేరే టాపిక్ అనుకున్నా, స్క్రిప్ట్ కూడా సగం రాశా. ఈలోపు మా ఇంట్లో ఒక చిన్న గొడవ జరిగింది. దాంతో టాపిక్ మొత్తం మారిపోయింది.

మా తాతది ఇంట్లో ఒక్కటే ఫోటో ఉంది. పటాన్‌చెరులో ఒక కంపెనీ గేట్ పాస్ కోసం దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో. ఆయన పోయాక దాన్నే ఎన్‌లార్జ్ చేయించి పటం కట్టించారు. మీ ఇళ్లలో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. తల మాత్రం మనిషిదే, కింద కోటు, టై స్టూడియో వాళ్లు అతికించినవి. మా తాత జీవితంలో కోటు వేసుకోలేదు. ఆ పటం పాతబడి తెల్లగా అయిపోతుంటే, నేను ఫోన్‌తో ఫోటో తీసి, పాత ఫోటోలని కొత్తగా చేసే ఒక యాప్‌లో వేశా. పది సెకన్లలో వచ్చేసింది. కళ్లు మెరుస్తున్నాయి, మీసం వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ప్రింట్ తీయించి నానమ్మకి చూపించా.

నానమ్మ చాలాసేపు చూసింది. "ఎవలురా గీయన?" అంది.

తాతే కదా నానమ్మా అన్నా. "మీ తాత మొఖం గిట్ల నున్నగ ఎన్నడున్నది? చిన్నప్పుడు అమ్మవారు పోసింది ఆయనకు. మచ్చలేవి?" అంది. అప్పుడు చూశా. చెంపల మీద, నుదుటి మీద మశూచి మచ్చలు ఒక్కటి కూడా లేవు. యాప్ అన్నీ తుడిచేసింది. ఇంకా చెప్పాలంటే తుడవలేదు, వాటి బదులు వేరేవాళ్ల చర్మం పెట్టింది.

సో ఈ రోజు ప్రశ్న ఇది. ఫోటోలో నిజంగా ఏం ఉంటుంది? ఆ మనిషి మీద పడి వచ్చిన వెలుగు ఉంటుందా, లేక ఎవరో చేసిన ఊహ ఉంటుందా? దీనికి జవాబు కావాలంటే దాదాపు 200 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మధ్యలో మన సికింద్రాబాద్‌లో చాలాసేపు ఆగుతాం.

ముందు ఒక మాట గురించి. మన దగ్గర "రీల్ కడిగించాలి", "ఫోటోలు కడగడానికి ఇచ్చినం" అనేవాళ్లు, గుర్తుందా? రెండు వేలకి అటూ ఇటూ పుట్టిన నా బ్యాచ్ వాళ్లకి కొంచెం గుర్తుంటుంది. ఆ మాట వంద శాతం కరెక్ట్. ఫిల్మ్ మీద వెండి లవణాలు ఉంటాయి, సిల్వర్ బ్రోమైడ్ లాంటివి. వెలుగు తగిలిన చోట ఆ గింజలో కంటికి కనపడనంత చిన్న మార్పు వస్తుంది. డెవలపర్ అనే రసాయనంలో వేస్తే, ఆ మార్పు వచ్చిన గింజలు మాత్రమే అసలు వెండిగా మారి నల్లబడతాయి. వెలుగు తగలనివి అలాగే ఉండిపోతాయి. వాటిని హైపోతో కరిగించి, తర్వాత నీళ్లలో బాగా కడగాలి. సరిగా కడగకపోతే మిగిలిన హైపో వల్ల కొన్నేళ్లకి ఫోటో పసుపుపచ్చగా అయిపోతుంది. మా పటం పాడైంది అందుకేనని నా అనుమానం.

ఇందులో చూడాల్సింది ఏంటంటే, ఎక్కడా ఊహ లేదు. మచ్చ ఉన్న చోట నీడ పడింది, నీడ పడిన చోట వెండి తక్కువ నల్లబడింది. అంతే. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని నెగటివ్ అన్నారు. నెగటివ్, పాజిటివ్ అనే ఈ మాటలు ఫోటోగ్రఫీలోకి తెచ్చింది జాన్ హెర్షెల్ అనే ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రవేత్త. వెండి లవణాలని హైపో కరిగిస్తుందని కనిపెట్టింది కూడా ఆయనే, 1819లో. అప్పటికి ఫోటోగ్రఫీ అనేదే లేదు.

కథ త్వరగా చెప్తా. 1826, 27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నీప్స్ అనే ఆయన తన ఇంటి కిటికీలోంచి కనపడే దృశ్యాన్ని తారు పూసిన లోహపు పలక మీద పట్టుకున్నాడు. దానికి కొన్ని గంటలు పట్టింది, కొన్ని రోజులు పట్టిందనేవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత ఆయన పార్ట్‌నర్ దగెర్ పేరుతో 1839లో దగెరోటైప్ వచ్చింది. వెండి పూత పూసిన రాగి రేకు మీద అద్భుతమైన బొమ్మ. ఫ్రెంచ్ ప్రభుత్వం హక్కులు తీసుకుని, పద్ధతిని ఆగస్టు 19న బయటపెట్టేసింది. ఒకరకంగా ఓపెన్ సోర్స్ చేసినట్టు. మరుసటి ఏడాదికే కలకత్తాలో కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. కానీ ఆ రేకుకి కాపీ తీయడం కుదరదు. ఒక్కటే పీస్.

కాపీలు తీయగలిగే పద్ధతి ఇంగ్లండ్‌లో టాల్బట్ చేశాడు. కాగితం మీద నెగటివ్, దాన్నుంచి ఎన్ని ప్రింట్లు కావాలంటే అన్ని. 1841లో పేటెంట్ తీసుకున్నాడు. నా దృష్టిలో అసలు విప్లవం ఇదే. ప్రింట్ పాడైపోవచ్చు, ఎవరో దాని మీద కోటు అతికించొచ్చు, రంగులు వేయొచ్చు. నెగటివ్ ఉంటే మళ్లీ మొదటికి వెళ్లొచ్చు. కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే అది సోర్స్, ప్రింట్ అనేది బిల్డ్.

1851లో గాజు పలక వచ్చింది. ఆర్చర్ అనే ఆయన పద్ధతి, పేరు వెట్ ప్లేట్. బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. కష్టం ఏంటంటే, గాజుకి కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, వెండి నీళ్లలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. పది పదిహేను నిమిషాల ఆట. ఏప్రిల్ నెలలో దక్కన్ ఎండలో ఎంతసేపు తడిగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే అక్కడికి చీకటి గుడారం, సీసాలు, నీళ్లు, మోసే కూలీలు కూడా వెళ్లాలి.

ప్రింట్ల సంగతి ఇంకా విచిత్రం. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, దాని మీద వెండి లవణం. ఆల్బ్యుమెన్ ప్రింట్ అంటారు. జర్మనీలో డ్రెస్డెన్‌లో ఈ కాగితం చేసే ఫ్యాక్టరీ ఒక్కటే రోజుకి 60 వేల గుడ్లు వాడేదని ఫోటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. పచ్చసొన ఏం చేసేవాళ్లో అని నాకు ఎప్పుడూ డౌట్.

మన తెలుగు నేలకి సంబంధించి ఆ రోజుల్లో ఒక ముఖ్యమైన పని జరిగింది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాస్‌కి చేరి, అక్కడి మ్యూజియంలో ఉండేవి. మద్రాస్ ప్రభుత్వం ఫోటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ 1858లో వాటిని ఫోటోలు తీశాడు. మరుసటి ఏడాది ఆ రాళ్లలో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్లిపోయింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాళ్లు పోయాయి, పోయే ముందు ఎలా ఉన్నాయో చెప్పే వెలుగు ముద్ర మిగిలింది. ట్రైప్ ఉద్యోగం ఏమైందంటే, కొత్తగా వచ్చిన గవర్నర్ ట్రెవెల్యన్ ఇదంతా దండగ ఖర్చని 1860లో తీసేశాడు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు, అదే ఇప్పటి ఐఐటీ రూర్కీ. 1866లో ఇండోర్‌లో పీడబ్ల్యూడీలో ఉద్యోగం. ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. అంటే బిల్డింగుల కొలతలు తీసి, గీతలు గీసి, ఖర్చు లెక్క వేయడం. మంచి గవర్నమెంట్ జాబ్. మెల్లగా ఫోటోలు తీయడం మొదలుపెట్టి, పెద్ద ఆఫీసర్ల కంట్లో పడ్డాడు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి మధ్య భారతం అంతా తిరిగి గుళ్లు, కోటలు, సాంచి స్తూపం తీశాడు. తర్వాత సెలవు పెట్టాడు. ఆ తర్వాత ఉద్యోగమే మానేశాడు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకున్న కొడుకుని చూసి ఇంట్లో ఏమన్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. మా ఇంట్లో ఏమన్నారో మాత్రం ఇక్కడ చెప్పను.

ఆయన ఫోటోలు చూస్తే ఆ చదువు తెలుస్తుంది. స్తంభాలు నిటారుగా ఉంటాయి, ఒక్క గోడ కూడా వాలిపోదు. మనం ఫోన్ పైకెత్తి చార్మినార్ తీస్తే మినార్లు లోపలికి వంగినట్టు వస్తాయి కదా, ఆయన ఫోటోల్లో అలా రావు. ఆ కాలం పెద్ద కెమెరాల్లో లెన్స్‌ని మాత్రం పైకి జరిపి, గాజు పలకని నిటారుగానే ఉంచొచ్చు. ఎప్పుడు జరపాలో, ఎంత జరపాలో తెలియాలి. డ్రాఫ్ట్స్‌మన్‌కి తెలుస్తుంది.

టైమింగ్ కూడా కలిసొచ్చింది. 1871లో మాడక్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ కొలోడియన్ బదులు జెలటిన్ వాడొచ్చని చెప్పాడు. 1878లో బెనెట్ అనే ఆయన ఆ జెలటిన్‌ని వేడిలో ఎక్కువసేపు ఉంచితే వెలుగుని చాలా త్వరగా పట్టుకుంటుందని చూపించాడు. అలా డ్రై ప్లేట్ వచ్చింది. ఫ్యాక్టరీలో తయారై డబ్బాలో వస్తుంది. తీసి, మళ్లీ డబ్బాలో పెట్టుకుని, తీరిగ్గా ఇంటికెళ్లి కడుక్కోవచ్చు. చీకటి గుడారం పని తగ్గింది. కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాల్సిన పని కూడా పోయింది. దీన్‌దయాళ్ హైదరాబాద్ వచ్చేసరికి ఈ పలకలు చేతికొచ్చేశాయి. అందుకే ఆయన ఫోటోల్లో గుర్రాలు, కవాతు చేసే సైనికులు, వేట క్యాంపులు కనపడతాయి. ఇరవై ఏళ్లు ముందు పుట్టుంటే ఆయనకి మిగిలేవి కోటలు, గుళ్లు, కదలని మనుషులు మాత్రమే.

1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో. 1894లో నిజాం బిరుదు ఇచ్చాడు, ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ అని. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. గమనించండి, కెమెరా మనిషికి చిత్రకారుడి బిరుదు. ఫోటోగ్రఫీ కళా కాదా అని యూరప్‌లో ఇంకా కొట్టుకుంటున్న రోజులవి. నిజాం ఒక్క ముక్కలో తేల్చేశాడు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచాడు. ఫలక్‌నుమా లోపలి హాళ్లు, నవాబుల కుటుంబాలు, 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ అడవిలో చేసిన పులివేట, అన్నీ ఆయన స్టూడియో తీసినవే.

నాకు బాగా నచ్చింది మాత్రం 1892 నాటి జనానా స్టూడియో. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకని హైదరాబాద్‌లో విడిగా ఒక స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిష్ ఆవిడకి అప్పగించాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల అందరూ ఆడవాళ్లే. ఇది మంచి బిజినెస్ బుర్ర, అందులో సందేహం లేదు. కానీ ఇంకో విషయం కూడా ఉంది. ఆ ఆడవాళ్లు తమ ఫోటో ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అనేది అడగగలిగే స్థితిలో ఉన్నారు. అడిగారు, స్టూడియో వాళ్లకి తగ్గట్టు మారింది.

మన తెలుగులో "ఫోటో తీయడం" వేరు, "ఫోటో దిగడం" వేరు. దిగేది మనమే. మన ఇష్టంతో మనం చేసే పని. జనానాలో ఆ బేగంలు ఫోటో దిగారు. అందరికీ ఆ భాగ్యం లేదు.

1900 ప్రాంతంలో కరువొచ్చింది. ఔరంగాబాద్ అప్పట్లో నిజాం రాజ్యమే. అక్కడ కరువు సహాయ పనుల్ని దీన్‌దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది. బక్కచిక్కిన మనుషులు వరుసగా కూర్చుని ఉంటారు. నవాబుల ఫోటోల కింద పేర్లు, బిరుదులు ఉంటాయి. వీళ్ల ఫోటోల కింద కరువు, సహాయం, ఊరు, అంతే. అంతకుముందు 1876, 78 మధ్య మద్రాస్ ప్రెసిడెన్సీలో వచ్చిన ఘోరమైన కరువులో, మన రాయలసీమ కూడా నాశనమైన కరువు అది, హూపర్ అనే సైనికాధికారి ఆకలితో చావబోతున్న మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. తీసి ఊరుకున్నాడా, సాయం చేశాడా అని అప్పుడే తిట్లు పడ్డాయి. వాళ్లు ఫోటో దిగలేదు. వాళ్లని తీశారు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఎముకలు, ఆ పక్కటెముకల నీడలు ఎవరి ఊహా కాదు. ఆ వెలుగు ముద్ర లేకపోతే ఆ మనుషులు ప్రభుత్వ రిపోర్టుల్లో అంకెలుగానే మిగిలేవాళ్లు.

దీన్‌దయాళ్ 1905 జులైలో చనిపోయాడు. ఏడాది ముందే ఒక కొడుకు పోయాడు. స్టూడియో వైభవం మెల్లగా తగ్గిపోయింది. కానీ గాజు నెగటివ్‌లు కుటుంబం దగ్గర మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు పలకల్ని తీసుకుంది. ఈ రోజు ఆయన ఫోటో మీ ఫోన్లో జూమ్ చేసి, నవాబు షేర్వానీ గుండీలు లెక్కపెడుతున్నారంటే ఆ పలకల వల్లే. వాటిని ఎవరూ "ఎన్‌హాన్స్" చేయక్కర్లేదు. అరచేతి కన్నా చాలా పెద్ద గాజు మీద అంత వివరం నిజంగానే ఉంది.

ఇక మిగతా కథ పరిగెత్తిద్దాం. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరా తెచ్చాడు. వంద ఫోటోల రీల్ లోపలే ఉంటుంది. అయిపోయాక కెమెరా మొత్తం కంపెనీకి పంపితే, వాళ్లే కడిగి, ప్రింట్లు తీసి, కొత్త రీల్ వేసి పంపిస్తారు. "కడిగించడం" అనే మాట పుట్టడానికి దారి వేసింది ఇదే. 1900లో ఒక్క డాలర్‌కే బ్రౌనీ కెమెరా. ఫోటో నవాబుల చేతిలోంచి పిల్లల చేతిలోకి వచ్చింది. మన దేశంలో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది, "ఇందు" అనే పేరుతో ఫిల్మ్ అమ్మేది. మా తాత లాంటి వాళ్ల దాకా ఫోటో వచ్చింది ఈ దశలో. సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ పనికి వచ్చినవాళ్లకి మొదటి ఫోటో పెళ్లిది కాదు, గేట్ పాస్‌ది. పనిలో చేరాలంటే ముఖం అచ్చు వేయాలి. మా తాత కూడా అందుకే స్టూడియోకి పోయాడు, మురిపెంతో కాదు.

1975లో కోడాక్ కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అనే కుర్ర ఇంజనీర్ మొదటి డిజిటల్ కెమెరా చేశాడు. సుమారు మూడున్నర కిలోల బరువు, 0.01 మెగాపిక్సెల్, ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకన్లు. అదే కోడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఊహ మొదలయ్యేది ఇక్కడే. మీ ఫోన్ సెన్సర్‌కి రంగులు తెలియవు. వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు అద్దం పెడతారు. సగం వాటికి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, పావు వంతుకి నీలం. ఇదీ కోడాక్ ఇంజనీరే కనిపెట్టాడు, బ్రైస్ బేయర్. అంటే ప్రతి పిక్సెల్ మూడు రంగుల్లో ఒక్కటే నిజంగా కొలుస్తుంది. మిగతా రెండూ పక్క పిక్సెల్స్‌ని చూసి లెక్కగడుతుంది. మామూలు ఫోన్ ఫోటోలో మూడింట రెండు వంతుల రంగు సమాచారం లెక్కే, కొలత కాదు. భయపడకండి, ఇది మంచి లెక్క. పక్కపక్కన ఉన్న నిజాల నుంచి కట్టిన లెక్క.

నైట్ మోడ్ కూడా అంతే. ఫోన్ వరుసగా చాలా ఫోటోలు తీసి, చెయ్యి వణికినంత మేర జరిపి, ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతుంది. ఫోన్ కదలకుండా పట్టుకోమని చెప్తుంది చూడండి, వెట్ ప్లేట్ కాలంలో స్టూడియోవాళ్లు చెప్పిన మాటే అది. ఇక్కడ కూడా ప్రతి వెలుగు చుక్కా ఆ చోటు నుంచే వచ్చింది.

మా తాత ఫోటోకి జరిగింది ఇది కాదు. ఆ రకం మోడల్‌కి లక్షల ముఖాలు చూపించి ట్రైనింగ్ ఇస్తారు. మసక ముఖం ఇస్తే, ఇలాంటి మసక వెనకాల ఎక్కువగా ఎలాంటి ముఖం ఉంటుంది అని ఊహించి గీస్తుంది. అది చూసిన ముఖాల్లో మశూచి మచ్చలు ఎన్ని ఉంటాయి? మన దేశంలో ఆ జబ్బే 1975లో పోయింది. ఆ మచ్చలున్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఫోటోలు పెట్టరు. కాబట్టి దాని లెక్కలో ఆ గుంటలు పటం మీద పడిన మరకలు. మరకలు తుడిచి, సగటు మనిషి చర్మం వేసింది. స్టూడియో ఆయన అతికించిన కోటు అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. ఈ అబద్ధం మాత్రం నాకే కనపడలేదు. నానమ్మ లేకపోతే ఇంకో ఇరవై ఏళ్లకి మా ఇంట్లో అదే తాత ముఖం అయిపోయేది.

తర్వాత ఏం జరిగిందంటే, నానమ్మ తన సందూక తీసింది. పాత రేషన్ కార్డు, బ్యాంక్ పాస్‌బుక్కుల కింద ఒక ఖాకీ కవరు. లోపల మిగిలిపోయిన ఒక్క పాస్‌పోర్ట్ ఫోటో, దాంతోపాటు బటర్ పేపర్‌లో చుట్టిన ఒక నెగటివ్. అప్పట్లో కొన్ని స్టూడియోలు కాపీలతో పాటు నెగటివ్ కూడా ఇచ్చేవి.

దాన్ని ఎలా చూడాలో చెప్తా, మీ ఇంట్లో కూడా ఉంటే పనికొస్తుంది. ఒక ఫోన్‌లో పూర్తి తెల్ల స్క్రీన్ పెట్టి, బ్రైట్‌నెస్ మొత్తం పెంచండి. దాని మీద నేరుగా నెగటివ్ పెట్టకండి, స్క్రీన్ చుక్కలు కూడా పడతాయి. మధ్యలో ట్రేసింగ్ పేపర్ కానీ, తెల్లటి పాల రంగు ప్లాస్టిక్ కానీ వేసి, స్క్రీన్‌కి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో నెగటివ్ ఉంచండి. వేళ్లతో అంచులే పట్టుకోవాలి. గదిలో లైట్లు ఆపేసి, ఇంకో ఫోన్‌తో పై నుంచి తీయండి. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆఫ్. తర్వాత ఏదైనా ఎడిటర్‌లో రంగులు తిరగేయండి, ఇన్వర్ట్ అని ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ అయితే వెంటనే మనిషి కనపడతాడు. కలర్ నెగటివ్‌కి నారింజ రంగు పొర ఉంటుంది కాబట్టి నీలంగా వస్తుంది, కొంచెం సరిచేసుకోవాలి. ఆ మొదటి ఫైల్‌ని మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచండి.

నేను ఇన్వర్ట్ నొక్కగానే కోటు లేని తాత వచ్చాడు. కాలర్ నలిగిన చొక్కా. కెమెరా వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తున్నాడు. జూమ్ చేసి నానమ్మ చేతికి ఇచ్చా. ఆమె ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, కుడి చెంప మీద వేలు పెట్టింది. వేలు తగలగానే ఫోటో జరిగిపోయింది. మళ్లీ వెనక్కి తెచ్చి ఇచ్చా.

"ఆఁ... గీయనే," అంది.